ఎఫ్ఏక్యూ సాఫ్ట్‌వేర్ కొనేముందు: ఏ ఫీచర్లు కావాలి, ఏవి వదిలేయొచ్చు

వెబ్‌సైటులో తరచూ అడిగే ప్రశ్నల (ఎఫ్ఏక్యూ) పేజీ పెట్టాలనుకోగానే చాలామంది సాఫ్ట్‌వేర్ల వేటలో పడతారు. నాలుగైదు కంపెనీల ఫీచర్ల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని, ఎక్కువ టిక్కులున్నది కొంటారు. ఆర్నెల్లు తిరిగేసరికి పేజీ ఉంటుంది, ఫోన్లు మాత్రం తగ్గవు. విప్పి చూస్తే కారణాలు ఎక్కువసార్లు రెండే. కస్టమరు తన మాటల్లో అడిగింది సెర్చ్‌కి అందదు. అందినా, అక్కడున్న జవాబు పాతబడిపోయి ఉంటుంది. ఏ ఫీచరునైనా ఈ రెండు తూకాల్లో వేసి చూడాలి. తెలుగులో నడిచే సైటుకైతే మొదటిదే బరువైనది.

ఉదాహరణకి విశాఖ ద్వారకానగర్‌లో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసు అనుకుందాం. అరకు ఒకరోజు ట్రిప్పు, దారిలో బొర్రా గుహలు, కైలాసగిరి, రుషికొండ, ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం కలిపి సిటీ టూరు. ఇద్దరు ముగ్గురు స్టాఫ్, రోజంతా మోగే ఒక ఫోను, ఒక వాట్సాప్ నంబరు. మీది డెంటల్ క్లినిక్ అయినా, మధురవాడలో హాస్టల్ అయినా, పచ్చళ్లు పార్శిల్ చేసే షాపు అయినా పని తీరు ఇదే.

ముందు ప్రశ్నలు పోగెయ్యండి

సాఫ్ట్‌వేర్ డెమోలు చూసేముందు రెండు వారాలు ఆగండి. ఒక షీట్ తెరిచి, ఫోనులో, వాట్సాప్‌లో, ఇన్‌స్టా మెసేజీల్లో, కౌంటర్ దగ్గర వచ్చిన ప్రతి ప్రశ్నా అడిగినవాళ్ల మాటల్లోనే రాయండి. దిద్దొద్దు. "పిల్లలకి టికెట్ ఏటండి", "గాజువాకలో ఎక్కించుకుంటారా", "వానొస్తే ఎలాగ", "కేన్సిల్ చేస్తే డబ్బులు వెనక్కొస్తాయా" అని వస్తే అలాగే ఉండాలి. పక్కన మూడు గడులు చాలు: ఎన్నిసార్లు వచ్చింది, ఎటునుంచి వచ్చింది, జవాబు ఎన్నాళ్లకోసారి మారుతుంది. ఈ మూడో గడిని చాలామంది వదిలేస్తారు. సాఫ్ట్‌వేర్‌కి తేదీల ఫీచర్ కావాలో వద్దో తేల్చేది అదే.

"వానొస్తే ఎలాగ"ని "ప్రతికూల వాతావరణ పరిస్థితులలో ప్రయాణ విధానం" అని మార్చేశారంటే, వాన అని టైపు చేసినవాళ్లకి ఆ జవాబు ఎప్పటికీ దొరకదు. ఈ షీటే రేపు మీ పరీక్షపత్రం, అందుకే అసలు మాటలు కావాలి.

రెండు వారాల తర్వాత లెక్క చూడండి. వేర్వేరు ప్రశ్నలు 30 లోపే ఉంటే సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఒకే పేజీలో, నాలుగైదు ఉపశీర్షికల కింద, హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న డీటెయిల్స్, సమ్మరీ ట్యాగులతో తెరుచుకునే ప్రశ్నలు పెట్టేస్తే సరిపోతుంది. దానికి ప్లగిన్ (సైటుకి తగిలించుకునే అదనపు సాఫ్ట్‌వేర్ ముక్క) అక్కర్లేదు, జావాస్క్రిప్ట్ అక్కర్లేదు, నెలవారీ కట్టడం అసలే అక్కర్లేదు. 30 నుంచి 150 దాకా ఉంటే మీ సైటు దేనిమీద నడుస్తుందో దానికి తగిన ప్లగిన్ చూసుకోవచ్చు. 150 దాటినా, జవాబులు రాసేవాళ్లు ముగ్గురికి మించినా అప్పుడు విడిగా, ప్రశ్నలూ జవాబులూ దాచి వెతికిపెట్టే నాలెడ్జ్ బేస్ సాఫ్ట్‌వేర్ ఆలోచించండి. హెల్ప్‌డెస్క్‌తో (కస్టమర్ల ప్రశ్నలు, ఫిర్యాదులు చూసుకునే సాఫ్ట్‌వేర్) కలిసి వచ్చే జోహో డెస్క్, ఫ్రెష్‌డెస్క్ లాంటివి ఒక రకం. సొంత సర్వరులో పెట్టుకునే పీహెచ్‌పీమైఎఫ్ఏక్యూ లాంటి ఓపెన్ సోర్స్‌వి మరో రకం. ఈ అంకెలు అనుభవం మీద చెప్పే మోటు లెక్కే. 40 ప్రశ్నలున్నా ప్రతివారం ధరలు మారే వ్యాపారమైతే పై మెట్టు ఎక్కాల్సి రావచ్చు.

సెర్చ్: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ఇంగ్లీషులో "టికెట్" అన్న మాట వాక్యంలో ఎక్కడ పడ్డా దాదాపు అలాగే ఉంటుంది. తెలుగులో మాట చివర కదులుతూనే ఉంటుంది. ప్రయాణం, ప్రయాణంలో, ప్రయాణానికి, ప్రయాణాలు. పిల్లలు, పిల్లల, పిల్లలకి, పిల్లలతో. మాటని ఉన్నది ఉన్నట్టు పోల్చే సెర్చ్‌లో "ప్రయాణం" అని కొడితే "ప్రయాణానికి" ఉన్న జవాబు రాదు. మొదటి అక్షరాల్ని బట్టి పోల్చే సెర్చ్ కొంత నయమే గానీ అదీ చాలదు. "పిల్లల" అని కొడితే "పిల్లలకి" దొరుకుతుంది, "పిల్లలు" అని కొడితే దొరకదు, చివర కొమ్ము అడ్డం వస్తుంది.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, మాటని మూడేసి అక్షరాల ముక్కలు చేసి ఎన్ని ముక్కలు కలిశాయో చూసే పద్ధతి. దీన్ని ట్రైగ్రామ్ సెర్చ్ అంటారు, పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఇందుకో ఎక్స్‌టెన్షన్ ఉంది. "ప్రయాణం", "ప్రయాణానికి" రెండింట్లో మొదటి ముక్కలు కలుస్తాయి కాబట్టి పట్టుకుంటుంది. పైగా చిన్న అచ్చుతప్పుల్ని కూడా ఓర్చుకుంటుంది. రెండోది, తెలుగు విభక్తుల్ని కత్తిరించి మూలమాటకి తెచ్చే ఎనలైజర్. చాలా సెర్చ్ ఇంజన్లకి పునాది అయిన అపాచీ లుసీన్ 9వ శ్రేణిలో తెలుగు ఎనలైజర్ ఉంది. అది ఉన్నంత మాత్రాన మీరు కొనే సాఫ్ట్‌వేర్‌లో ఆన్ చేసి ఉంటుందని కాదు. సేల్స్ వాళ్లని "తెలుగు సపోర్ట్ ఉందా" అని అడిగితే ఉందనే అంటారు, తెలుగు అక్షరాలు తెర మీద కనబడతాయన్నది వాళ్ల ఉద్దేశం. "సెర్చ్‌లో విభక్తులు ఎలా పట్టుకుంటుంది" అని అడగండి.

తర్వాతది కంటికి కనబడని గొడవ. "ఆన్‌లైన్" అన్న మాట చూడండి. కంప్యూటర్లో టైపు చేసేవాళ్లు న పొల్లుకీ లైకీ మధ్య, ఒత్తు పడకుండా, వెడల్పు లేని ఒక అక్షరం వేస్తారు. ఫోన్లో చాలామంది అది వేయరు, "ఆన్లైన్" అని వస్తుంది. ఇంకొందరు ఖాళీ వదిలి "ఆన్ లైన్" అంటారు. మనిషికి మూడూ ఒకటే. యంత్రానికి మూడూ వేర్వేరు మాటలు, అందులో మూడోది రెండు మాటలు. మీ జవాబులో మొదటి రూపం ఉండి, కస్టమరు రెండోది కొడితే "ఫలితాలు లేవు" అని వస్తుంది. సబ్‌మెరైన్, డ్రాప్‌ఆఫ్, ఈమెయిల్‌లో, వాట్సాప్‌కి, ఇలాంటి ప్రతి ఇంగ్లీషు మాటకీ ఈ బెడద ఉంది. మంచి సాఫ్ట్‌వేర్ ఇండెక్స్ చేసేటప్పుడూ (జవాబుల్లోని మాటల జాబితా కట్టుకునేటప్పుడూ), వెతికేటప్పుడూ ఆ కనిపించని అక్షరాన్ని తీసేస్తుంది. తీసేస్తుందో లేదో డెమోలో ఒక్క నిమిషంలో తేలుతుంది. ఒక జవాబులో "ఆన్‌లైన్" అని రాసి, ఫోను నుంచి "ఆన్లైన్" అని వెతకండి.

మూడోది, పొడుగు ప్రశ్నలు. జనం ఇప్పుడు ఒక్క మాటతో వెతకరు, మైకు నొక్కి మొత్తం వాక్యం చెబుతారు: "అరకు ట్రిప్పు కేన్సిల్ చేస్తే డబ్బులు ఎప్పుడు వస్తాయి". వర్డ్‌ప్రెస్‌తో (సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్) వచ్చే మామూలు సెర్చ్ ఇందులోని ప్రతి మాటా జవాబులో ఉండాలంటుంది. "చేస్తే" బదులు మీరు "చేసుకుంటే" అని రాసి ఉంటే చాలు, సున్నా. వాక్యం పది మాటలకి చేరితే మరీ దారుణం, మొత్తం వాక్యాన్ని ఒకే ముక్కగా పోలుస్తుంది. కాబట్టి వర్డ్‌ప్రెస్ మీద ఉంటే ఎఫ్ఏక్యూ ప్లగిన్ తన సొంత సెర్చ్ తెస్తుందా, దీనినే వాడుకుంటుందా అన్నది తప్పకుండా చూడాలి. ఎక్కువ మాటలు కలిసినదాన్ని పైకి తెచ్చి, తక్కువ కలిసినదాన్ని కిందకి దించే సెర్చ్ కావాలి గానీ, ఒక్క మాట తప్పితే చేతులెత్తేసేది వద్దు. ఏటి, ఎలా, ఎలాగ, ఎంత, చెప్పండి, అండి లాంటి మాటల్ని లెక్కలోకి తీసుకోకుండా ఉంచే జాబితా మీరే రాసుకునే వీలుంటే ఇంకా మేలు.

నాలుగోది, పర్యాయపదాల పట్టిక. ఇది లేని సాఫ్ట్‌వేర్ తెలుగు సైటుకి వద్దే వద్దు. విశాఖపట్నం, విశాఖ, వైజాగ్, విశాఖపట్టణం ఒక వరస. అరకు, అరకులోయ, అరకు వ్యాలీ ఒక వరస. కేన్సిల్, క్యాన్సిల్, రద్దు ఒక వరస. రిఫండ్, రీఫండ్, డబ్బులు వాపసు, డబ్బులు వెనక్కి ఒక వరస. వాన, వర్షం, తుపాను, తుఫాను ఒక వరస. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు చాలా ఎక్కువ కాబట్టి ప్రతి వరసలోనూ ఆ రూపాలు రెండేసి చేర్చండి. మీ షీటులోంచే 40 వరసలు తయారవుతాయి, రెండు గంటల పని. కొన్ని సాఫ్ట్‌వేర్లలో పర్యాయపదాల పట్టిక ఉండదు గానీ ప్రతి ప్రశ్నకీ "కీవర్డ్స్" గడి ఉంటుంది. దాంతో నెట్టుకురావచ్చు, కాకపోతే అదే మాట 20 చోట్ల రాయాలి.

ఐదోది, ఏమీ దొరకని వెతుకులాటల చిట్టా. ఎవరు ఏం వెతికారు, వాటిలో వేటికి సున్నా వచ్చింది అన్న జాబితా అడ్మిన్ పేజీలో కనబడాలి. గూగుల్ ఎనలిటిక్స్ 4లో సైటు సెర్చ్ మాటలు కనబడతాయి గానీ, సున్నా వచ్చినవేవో అది విడదీసి చెప్పదు. ఈ ఒక్క ఫీచరూ ఉన్నది, లేనిది రెండు సాఫ్ట్‌వేర్లు చేతిలో ఉంటే, మిగతావి ఎలా ఉన్నా ఉన్నదాన్నే తీసుకోండి.

తెరుచుకునే ప్రశ్నలు, పంపుకునే లింకులు

నొక్కితే తెరుచుకునే వరసలు అందరూ ఇస్తారు. చూడాల్సింది వాటి వెనక ఏముందని. మూసి ఉన్న జవాబు పేజీలోనే ఉండాలి, నొక్కాక ఎక్కడినుంచో తెచ్చుకోకూడదు. డీటెయిల్స్ ట్యాగుతో చేసినదైతే క్రోమ్‌లో కంట్రోల్-ఎఫ్ కొట్టి వెతికినా మూసి ఉన్న జవాబు తనే తెరుచుకుంటుంది. జావాస్క్రిప్ట్‌తో దాచేసినదైతే చాలాసార్లు ఆ వెతుకులాటకి అందదు. కీబోర్డు ట్యాబ్, ఎంటర్ మీటలతో తెరుచుకోవాలి. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ "మూసి ఉంది, తెరిచి ఉంది" అని చెప్పగలగాలి. వేలితో నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల చదరం ఉండాలని 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే) ప్రమాణం చెబుతుంది. 44 ఉంచితే పెద్దవాళ్ల వేళ్లకి హాయి.

తెలుగుకి ప్రత్యేకంగా ఇంకొకటి చూడండి. కొన్ని టెంప్లేట్లలో ప్రశ్న వరస ఎత్తు బిగించేసి ఉంటుంది. ఇంగ్లీషు సరిగ్గా పడుతుంది. "స్త్రీలకి", "వస్త్రాలు", "శాస్త్రి" లాంటి మాటల కింది ఒత్తులు మాత్రం కత్తిరించుకుపోతాయి. వరస ఎత్తు దానంతటదే పెరిగేలా ఉండాలి, పంక్తుల మధ్య ఎడం 1.6 నుంచి 1.8 దాకా పెట్టుకునే వీలుండాలి. సెర్చ్ ఫలితాల్లో చూపే చిన్న ముక్క కూడా గమనించండి. అక్షరం మధ్యలో కోసేసే సాఫ్ట్‌వేరైతే చివర గడిలో ప్రశ్నార్థకం లాంటి గుర్తు పడుతుంది. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో (కంప్యూటరు అక్షరాల్ని దాచుకునే పద్ధతిలో) మూడు బైట్లు. ప్రోగ్రాము బైట్లు లెక్కపెట్టి కోస్తే అలా అవుతుంది.

ప్రతి ప్రశ్నకీ సొంత లింకు ఉండాలి. "కేన్సిల్ రూల్సు ఏంటి" అని వాట్సాప్‌లో అడిగిన మనిషికి స్టాఫ్ ఆ ఒక్క జవాబు లింకే పంపాలి, వాళ్లు నొక్కగానే ఆ ప్రశ్న తెరుచుకుని కనబడాలి. పేజీ మొత్తం తెరుచుకుని, వాళ్లే వెతుక్కోవాల్సి వస్తే మళ్లీ ఫోనే చేస్తారు.

ఇక్కడే వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు తరచూ ఇరుక్కునే చోటు ఒకటుంది. శీర్షిక తెలుగులో రాస్తే లింకు చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది. ఒక్కో తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు వేర్వేరుగా తొమ్మిదేసి గుర్తులుగా మారుతాయి. చిరునామా ముక్కకి ఉన్న హద్దు 200 గుర్తులు. అంటే అక్షరాలు, గుణింతాలు, పొల్లులు అన్నీ కలిపి దాదాపు 22 దగ్గర తెగిపోతుంది. "అరకు ట్రిప్ రద్దు చేసుకుంటే డబ్బు ఎప్పుడు వస్తుంది" అన్న ప్రశ్న చిరునామా "అరకు-ట్రిప్-రద్దు-చేసుకు" దగ్గర ఆగిపోతుంది. "అరకు ట్రిప్ రద్దు చేసుకున్నాక తేదీ మార్చుకోవచ్చా" అన్నదీ సరిగ్గా అక్కడే ఆగుతుంది. రెండోదానికి చివర 2 అని తగిలిస్తుంది. ఏ లింకు ఏ ప్రశ్నదో స్టాఫ్‌కి తెలియదు. వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తులతో నాలుగైదు పంక్తుల చెత్తలా కనబడుతుంది, దాన్ని చూసి జనం నొక్కడానికి భయపడతారు. అందుకని చిరునామాని చేత్తో మార్చుకునే వీలున్న సాఫ్ట్‌వేరే తీసుకోండి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు చిన్న మాటలు పెట్టండి. పేజీని ప్రచురించేముందే పెట్టాలి. తర్వాత మారిస్తే అప్పటికే పంపిన లింకులు చచ్చిపోతాయి, పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్లించే ఏర్పాటు లేకపోతే.

జవాబు పాతబడకుండా

ఈ భాగంలో కావాల్సినవి నాలుగు. ఒకటి, ప్రతి జవాబుకీ ఒక బాధ్యుడి పేరు, మళ్లీ చూడాల్సిన తేదీ, ఆ తేదీకి మెయిలు. ధరలున్న జవాబుకి 30 రోజులు, పికప్ పాయింట్లకి 90 రోజులు, "మీ ఆఫీసు ఎక్కడ" లాంటివాటికి ఏడాది పెట్టొచ్చు. షీటులోని మూడో గడి ఇక్కడ పనికొస్తుంది.

రెండు, ఫలానా రోజు కనబడి, ఫలానా రోజు తప్పుకునే ఏర్పాటు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది, 32 కిలోమీటర్ల నడక. ఆ రోజు రోడ్లమీద జనమే జనం, పికప్ వేళలు మారతాయి. ఆ ముక్క ముందే రాసిపెట్టి, మూడు రోజులు మాత్రం కనబడేలా చేయగలగాలి. లేదంటే వేసిన నోటీసు తీయడం మర్చిపోయి, దసరాకి కూడా అదే వేలాడుతుంది.

మూడు, ఒక విషయం ఒకేచోట రాసి పలుచోట్ల వాడుకోవడం. ఆఫీసు వేళలు ఏడు జవాబుల్లో ఉన్నాయనుకోండి. ఒకచోట మారిస్తే ఏడు చోట్లా మారాలి. ఈ వసతి లేకపోతే ఐదు మారి రెండు మిగిలిపోతాయి. కస్టమరుకి దొరికేది ఆ రెండిట్లో ఒకటైతే తప్పు వేళకి వచ్చి తలుపు ముందు నిలబడతారు.

నాలుగు, ఫోను నుంచే మార్చగలగడం. ఇది విశాఖలో ఉన్నవాళ్లకి మరీ ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది ఇక్కడే, కరెంటూ నెట్‌వర్కూ పోయి ఊరు ఎలా చీకటైందో గుర్తున్నవాళ్లే ఎక్కువ. అంత పెద్దది కాకపోయినా, అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం అనగానే "రేపు అరకు ట్రిప్పు ఉందా" అని ఫోన్లు మొదలవుతాయి. ఆఫీసు కంప్యూటరు దగ్గరికి వెళ్లకుండా, సన్నటి సిగ్నల్ మీద, పేజీ పైన ఒక్క వాక్యం పెట్టగలిగితే ఆ రోజు ఫోను కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ట్రయల్లో వైఫై ఆపేసి, సిగ్నల్ సన్నగా అందే చోట, మొబైల్ డేటా మీద ఎడిటర్ తెరిచి చూడండి. తెరుచుకోవడానికే నిమిషం పడితే తుపాను రోజున అది మీకు అక్కరకు రాదు.

మార్పుల చరిత్ర కూడా ఉండాలి. ఎవరు ఏం మార్చారో చూసి, పాతదాన్ని తిరిగి తేగలగాలి. చిత్తుప్రతి, ఒకరు చూసి ఆమోదించడం అన్న మెట్లు నలుగురైదుగురు రాసే చోట అవసరం. ఇద్దరున్న ఆఫీసులో అవి పనిని ఆపుతాయి తప్ప పెంచవు.

రెండు భాషలు, మూడు భాషలు

విశాఖకి తెలుగువాళ్లతో పాటు బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి చాలామంది వస్తారు. ఇంగ్లీషు, హిందీ ఉంచాల్సి వస్తుంది. భాషలు ఎన్నిస్తుందన్నది ముఖ్యం కాదు. ఒక ప్రశ్న తెలుగు రూపం, ఇంగ్లీషు రూపం జంటగా ముడిపడి ఉండాలి. భాష మార్చగానే అదే ప్రశ్న రావాలి, హోం పేజీకి తీసుకుపోకూడదు. తెలుగు జవాబు మార్చగానే ఇంగ్లీషుది పాతబడిందని అడ్మిన్‌లో గుర్తు పడాలి. ఈ గుర్తు లేక తెలుగులో ఒక ధర, ఇంగ్లీషులో ఇంకో ధర ఉండిపోయి, కౌంటర్ దగ్గర గొడవలవుతాయి. ఆటోమేటిక్ అనువాదం బటన్ ఉంటే దాన్ని చిత్తుప్రతికే వాడండి. డబ్బు, వేళ, వయసు హద్దులున్న వాక్యాలు మాత్రం మనిషి చదవకుండా పైకి పోనివ్వొద్దు.

చాట్‌బాట్, ఏఐ జవాబులు

ఇప్పుడు ప్రతి కంపెనీ ముందు చూపించేది ఇదే. ప్రశ్నలు 50 లోపు ఉంటే, సెర్చ్ సరిగ్గా ఉంటే, దీని అవసరం తక్కువ. పెట్టుకుంటే మూడు షరతులు అడగండి: మీరు రాసిన జవాబుల్లోంచే చెప్పాలి, ఏ జవాబులోంచి చెప్పిందో లింకు చూపాలి, తెలియనప్పుడు తెలియదని చెప్పి మనిషికి అప్పగించాలి. బాట్ చెప్పిన మాటకి బాధ్యత సైటుదే. కెనడాలో 2024 ఫిబ్రవరిలో ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి చార్జీ వాపసు నియమం తప్పుగా చెప్పినందుకు, బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ సంస్థ చేత డబ్బు కట్టించింది. సరైన నియమం అదే సైటులో వేరే పేజీలో ఉంది, అయినా ఆ వాదన నిలవలేదు. రిఫండ్, రద్దు, వైద్యం, ఫీజులు ఉన్న ప్రశ్నలకి బాట్ సొంత మాటలు కాకుండా మీరు రాసిన జవాబే అక్షరం మారకుండా చూపేలా అమర్చుకునే వీలుండాలి. ధర ఎలా వేస్తారో కూడా చూడండి. ఒక్కో సంభాషణకి ఇంత అన్న లెక్కయితే డిసెంబరు, జనవరి సీజనులో బిల్లు తేడాగా ఉంటుంది.

త్వరగా తేల్చేయదగ్గవి

గూగుల్ ఫలితాల్లో ప్రశ్నలు తెరుచుకుని కనబడతాయని చెప్పి అమ్మే "ఎఫ్ఏక్యూ స్కీమా" (పేజీలోని ప్రశ్నల్ని గూగుల్‌కి గుర్తుపట్టించే కోడ్) కోసం అదనంగా డబ్బు కట్టొద్దు. 2023 ఆగస్టులో గూగుల్ ఆ ప్రదర్శనని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది. ఊరికే వస్తే ఉంచుకోండి.

"ఈ జవాబు ఉపయోగపడిందా" అన్న బటన్లు మంచివే, కాకపోతే లేదన్నవాళ్లని "ఏం దొరకలేదు" అని అడిగే చిన్న గడి కూడా ఉండాలి. ఆ గడి లేని అంకెలతో ఏమీ చేయలేరు. ఎంతమంది కాదన్నారో బయటికి చూపించే సెట్టింగు ఆపేయండి.

జవాబు దొరకని మనిషికి దారి ఉండాలి. సెర్చ్ సున్నా అన్నచోటే ఫోను నంబరు, వాట్సాప్ బటన్ కనబడాలి. వాళ్లు వెతికిన మాటలే ఆ మెసేజీలో ముందుగా నిండి ఉంటే ఇంకా మంచిది. ప్రశ్న పంపే ఫారం పెడితే పేరు, నంబరు తప్ప ఇంకేమీ అడగొద్దు, ఎందుకు తీసుకుంటున్నారో అక్కడే ఒక వాక్యంలో చెప్పండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కోరేదీ ముందుగా చెప్పి, ఒప్పుకోలు తీసుకోవడమే. వచ్చిన ప్రశ్న మీరు చూడకుండా పేజీలో ప్రత్యక్షమయ్యే సెట్టింగు ఎప్పుడూ వద్దు.

డబ్బు, డేటా

డాలర్లలో చూపే ధర పక్కన "ఒక్కో ఏజెంటుకి" (సాఫ్ట్‌వేర్ వాడే ఒక్కో స్టాఫ్‌కి) అని చిన్నగా ఉంటుంది, అది చదవండి. రూపాయల్లోకి మార్చి 18 శాతం జీఎస్టీ కలపండి. బయటి దేశపు కంపెనీ అయితే, మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, రివర్స్ చార్జి కింద అది మీరే కట్టాల్సి వస్తుంది, మీ అకౌంటెంట్‌కి ముందే చెప్పండి. ఆర్‌బీఐ నియమం వల్ల కార్డు మీద దానంతటదే కట్టుకునే మొత్తం ₹15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఏడాది ప్లాను తీసుకుని ఆ మెసేజీ చూసుకోకపోతే చందా ఆగిపోతుంది, వాళ్ల సర్వరులో ఉన్న మీ ప్రశ్నల పేజీ కూడా దాంతోపాటే మాయమవుతుంది. రెన్యూవల్ తేదీకి పది రోజుల ముందు క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి.

ఎప్పుడైనా వదిలి వెళ్లే దారి ఉండాలి. ప్రశ్నలు, జవాబులు, వర్గాలు, కీవర్డులు, చిరునామాలు మొత్తం ఒకేసారి సీఎస్‌వీలోగానీ జేసన్‌లోగానీ (వేరే సాఫ్ట్‌వేర్లు కూడా చదవగలిగే ఫైళ్లు) బయటికి రావాలి. ట్రయల్లోనే పది ప్రశ్నలు బయటికి తీసి చూడండి. సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగు మొత్తం పిచ్చి గీతల్లా కనబడవచ్చు. కంగారుపడకండి, ఫైలు పాడవలేదు. మొదట్లో ఉండాల్సిన యూటీఎఫ్-8 గుర్తు లేక ఎక్సెల్ తప్పుగా చదువుతోంది. ఎక్సెల్ డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలుగా తెచ్చుకుని, యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిగ్గా వస్తుంది. ఆ పిచ్చి గీతలతోనే సేవ్ చేసి తిరిగి ఎక్కిస్తే మాత్రం నిజంగానే పాడవుతుంది. తెలుగు బదులు వరసగా ప్రశ్నార్థకాలు కనబడితే సంగతి వేరు. చాలాసార్లు డేటాబేసులోకే అక్షరాలు చేరలేదని అర్థం, అలాగైతే అవి తిరిగి రావు. ఆ సాఫ్ట్‌వేర్ వదిలేయండి, లేదా డేటాబేసుని యూటీఎఫ్8ఎంబీ4కి (అన్ని భాషల అక్షరాలూ పట్టే అమరికకి) మార్చాక మొదటినుంచి ఎక్కించండి.

ట్రయల్ ఎలా వాడాలి

రెండిటికి మించి ట్రయల్స్ తెరవొద్దు. మొదటి రోజు షీటులోంచి ఎక్కువసార్లు వచ్చిన 20 ప్రశ్నలకి జవాబులు రాసి ఎక్కించండి. జవాబు మొదటి వాక్యంలోనే తేలిపోవాలి: "ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు" అని ముందు, వివరాలు తర్వాత. రెండో రోజు పర్యాయపదాలు వేయండి. మూడో రోజు షీటులోని అసలు మాటలు, దిద్దకుండా, 30 తీసుకుని ఒక్కొక్కటే సెర్చ్‌లో కొట్టండి. సరైన జవాబు మొదటి మూడు ఫలితాల్లో వస్తే ఒక మార్కు. 24కి తగ్గితే పర్యాయపదాలు పెంచి మళ్లీ చూడండి, అప్పటికీ తగ్గితే దాన్ని పక్కన పెట్టేయండి.

తర్వాత సైటు ఎప్పుడూ చూడని ముగ్గురిని కూర్చోబెట్టండి. ఒకరు అరవై దాటినవాళ్లయితే మంచిది. వాళ్ల ఫోన్లే వాడనివ్వండి. "మీరు ట్రిప్పు మానుకున్నారు, డబ్బు సంగతి తెలుసుకోండి" అని చెప్పి, నోరు మెదపకుండా చూడండి. అర నిమిషం దాటినా దొరక్కపోతే వాళ్లు ఏం టైపు చేశారో రాసుకోండి. ఆ మాట మీ పట్టికలో లేదన్నమాట, అప్పటికప్పుడే చేర్చి, మళ్లీ వెతకమనండి.

పేజీ జనానికి తెరిచాక మొదటి నెల ప్రతి సోమవారం సున్నా ఫలితాల చిట్టా చదవండి, 20 నిమిషాలు చాలు. ఒక్కో మాటకీ మూడింట్లో ఒకటి చేయాలి: జవాబు ఉండీ దొరక్కపోతే పర్యాయపదం చేర్చడం, జవాబే లేకపోతే రాయడం, మీ పనికి సంబంధం లేనిదైతే వదిలేయడం. రెండో నెల నుంచి పదిహేను రోజులకోసారి సరిపోతుంది.